కొత్త టేపులు మూడు, గోల బోలెడు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా చిన్న పంక్ లేబుల్ కొత్త క్యాసెట్లు 04, 05, 06 బయటికొచ్చిన దగ్గర్నుంచి ఫోన్‌లో మెసేజ్‌లు ఆగట్లేదు, చూస్తే అందరూ అడిగేవి అవే పది పదిహేను ప్రశ్నలు. ఒక్కొక్కళ్ళకీ టైప్ చేసీ చేసీ బొటనవేళ్ళు పడిపోయాయి, అందుకే అన్నీ ఒక్కచోట రాసి పడేస్తున్నా. ఇకమీదట ఎవరడిగినా ఇదే పంపుతా, ఫీలవ్వొద్దు.

అసలు మీరెవరు గురూ? రికార్డు కంపెనీయా?

కంపెనీ అంట! వైజాగ్ అక్కయ్యపాలెంలో మేడ మీద ఒక గది, ఒక క్యాసెట్ నుంచి ఇంకోదాన్లోకి ఎక్కించే రెండు పాత డబుల్ డెక్‌లు, ఒక పేపర్ కట్టరు, నేను, మా బామ్మర్ది. అంతే స్టాఫ్. బామ్మర్దికి ఈ మ్యూజిక్ ఒక్క ముక్క నచ్చదు, కవర్లు మడతపెట్టడం మాత్రం నాకంటే వాడే నీట్‌గా చేస్తాడు. లేబుల్ అంటే మా లెక్కలో బ్యాండ్ దగ్గర పాటలు తీసుకుని, టేపులు చేసి, అమ్మి, వచ్చిన డబ్బు లెక్క చెప్పడం. పెద్ద పెద్ద పేర్లున్న లేబుళ్ళు కూడా ఇలాగే మొదలయ్యాయి. వాషింగ్టన్ డీసీలో డిస్కార్డ్ అని ఉంది, 1980లో టీన్ ఐడల్స్ అనే కుర్రాళ్ళ బ్యాండ్ విడిపోయేటప్పటికి షోల మీద వచ్చి మిగిలిన డబ్బు ఆరొందల డాలర్ల చిల్లర ఉంది, పంచుకుంటే తలా ఏ మూలకీ రాదు, దాంతో 8 పాటల చిన్న రికార్డు వేసుకున్నారు. కవర్లు వాళ్ళే కత్తిరించి, వాళ్ళే మడతపెట్టి, వాళ్ళే జిగురు పూశారు. ఆ లేబుల్ ఇప్పటికీ నడుస్తోంది. మాకు నలభై ఏళ్ళు నడిపే ఓపిక ఉందో లేదో గానీ జిగురు డబ్బా మాత్రం ఉంది.

ఈసారి ఏమేం వచ్చాయి?

మేము అన్నిటికీ నంబర్లే పెట్టుకుంటాం, పిలుచుకునేది కూడా నంబర్లతోనే.

04 గాజువాక ముగ్గురిది. గిటార్, బేస్ (లోతు స్వరాల వాయిద్యం), డ్రమ్స్, ముగ్గురూ అరుస్తారు. 11 పాటలు, మొత్తం కలిపితే 17 నిమిషాలు. సిటీ బస్సు గురించి ఒకటి, ఇంటి ఓనర్ గురించి రెండు, ఇంజనీరింగ్ బ్యాక్‌లాగ్‌ల గురించి ఎన్నో నేను లెక్కపెట్టలేదు.

05 ఎంవీపీ కాలనీ అమ్మాయిలిద్దరిది. గిటారే లేదు, బేస్, డ్రమ్స్ అంతే. బేస్‌ని రెండు యాంపుల్లోకి (సౌండు పెంచే యాంప్లిఫయర్లు) పంపి ఒకదాన్ని చీరేసినట్టు వాయిస్తుంది ఆ అమ్మాయి, వింటే గిటార్ లేదన్న సంగతి మూడో పాట దాకా తట్టదు. 4 పాటలే. నన్నడిగితే మూడిట్లో ఇదే బెస్ట్, మిగతా రెండు బ్యాండ్‌లవాళ్ళూ ఇది చదివి ఫోన్ చేస్తారని తెలిసే రాస్తున్నా.

06 వేరే రకం. నెమ్మది, బరువు. ఒక్కో వైపు ఒక్కో పాట, ఒకటి 13 నిమిషాలు, ఇంకోటి 12. ఇందులో గిటార్ వాయించే అన్న స్టీల్‌ప్లాంట్‌లో చేస్తాడు, ఆయన ఎ షిఫ్టా బి షిఫ్టా సి షిఫ్టా అన్నదాన్ని బట్టే రిహార్సల్స్, అందుకే రెండు పాటలకి ఏడాదిన్నర పట్టింది. దీన్ని పంక్ అనొచ్చా అని కొందరు గొడవ. అనకపోతే అనొద్దు, వినండి.

పంక్‌కీ రాక్‌కీ తేడా ఏటి?

ఒకే ఇంట్లో పెద్దోడు, చిన్నోడు అనుకోండి. 1970ల మధ్యకి వచ్చేసరికి రాక్ బాగా డబ్బు చేసి, పాటలు పెరిగి, సోలోలు పెరిగి, స్టేడియాలకెక్కి కూర్చుంది. అప్పుడు న్యూయార్క్‌లో రామోన్స్ లాంటోళ్ళు మూడు కార్డ్స్ (గిటార్ మీద ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) చాలు, రెండు నిమిషాలు చాలు అన్నారు. వాళ్ళ మొదటి ఆల్బమ్ 1976లో, 14 పాటలు అరగంట లోపే అయిపోతాయి, రికార్డింగ్‌కి అయ్యింది 6,400 డాలర్లు. ఆ రోజుల్లో పెద్ద బ్యాండ్‌లకి ఒక పాట మిక్సింగ్‌కే అంత అయ్యేదేమో.

నా మటుకు నాకు అసలు తేడా సౌండ్‌లో లేదు, ఎవరు అచ్చేశారన్న దాంట్లో ఉంది. మాంచెస్టర్‌లో బజ్‌కాక్స్ అనే బ్యాండ్ స్నేహితుల దగ్గరా, ఒకడి నాన్న దగ్గరా కలిపి 500 పౌండ్లు అప్పు తెచ్చి 1977 జనవరిలో సొంతంగా 4 పాటల రికార్డు వేసింది, మొదట 1000 కాపీలే. ఏ పాట ఎన్నో టేకులో వచ్చింది, మీద ఏమైనా కలిపారా అన్నది కవర్ మీదే రాసేశారు. అది చూసి అరె మనమూ వేసుకోవచ్చే అని ఇంగ్లండ్ అంతటా పిల్లలు మొదలెట్టారు. మేమూ టేకుల లెక్క కవర్ మీద వేస్తున్నాం, 04లో ఆరో పాట పక్కన “19వ టేకు, ఆ తర్వాత డ్రమ్మర్ ఇంటికెళ్ళిపోయాడు” అని ఉంటుంది, అది నిజమే.

మనకి ఇది కొత్తా అంటే అదీ కాదు. దిగంబర కవులు గుర్తున్నారా, ఆరుగురు, సొంత పేర్లు వదిలేసి వేరే పేర్లు పెట్టుకుని, పుస్తకాన్ని ఏ మంత్రి చేతో కాకుండా మొదటిది రిక్షా కార్మికుడి చేత అర్ధరాత్రి విడుదల చేయించారు. మూడో సంపుటి 1968లో మన విశాఖలోనే, బిచ్చమెత్తుకునే ఒకావిడ చేతుల మీదుగా. అప్పటికి పంక్ అన్న మాట ఇంకా ఎవరూ మ్యూజిక్‌కి తగిలించలేదు.

ఎందుకంత గోల? మిక్సింగ్ పాడైందా?

ఈ ప్రశ్న వారానికి నాలుగుసార్లు వస్తుంది కాబట్టి కాస్త తీరిగ్గా చెప్తా.

లౌడ్ అంటే వాల్యూమ్ కాదు. వాల్యూమ్ మీ చేతిలో ఉంది, తగ్గించుకోండి, తగ్గించినా అది అరుస్తున్నట్టే ఉంటుంది. ఎందుకంటే గిటార్ యాంప్‌ని అది మోయగలిగిన దానికంటే ఎక్కువ తోస్తే అల పైభాగం, కిందిభాగం చదునుగా తెగిపోతుంది, తెగిన చోట కొత్త హార్మోనిక్స్, అంటే అసలు స్వరం పైన మోగే స్వరాలు, పుడతాయి, ఆ గరుకు చిన్న సౌండ్‌లో కూడా చెవికి తెలిసిపోతుంది. మనిషి గొంతు చించుకుని అరిస్తే ఎదురుగా ఉన్నా, పక్క వీధిలో ఉన్నా అది అరుపని తెలియదా, అలాగన్నమాట. 1964లో కింక్స్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ గిటారిస్ట్ డేవ్ డేవిస్ ఆ గరుకు కోసం యాంప్ స్పీకర్ కోన్‌ని బ్లేడుతో కోసేశాడు. ఇప్పుడు ఆ గరుకు తెప్పించే కాలితో నొక్కే పెడల్స్ ఉన్నాయి, కోయక్కర్లేదు, దయచేసి మీ ఇంట్లో హోమ్ థియేటర్ మీద ట్రై చెయ్యకండి.

ఇంకో రకం లౌడ్ ఉంది, అదంటే నాకు చిరాకు. కంప్యూటర్‌లో పాట మొత్తాన్ని నొక్కి నొక్కి చిన్న సౌండూ పెద్ద సౌండూ ఒకే ఎత్తుకి తెచ్చేయడం. దానివల్ల లాభమూ లేదు, స్పాటిఫై లాంటివి ఎలాగూ అన్ని పాటల్నీ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత లౌడ్‌గా ఉందో కొలిచే లెక్క) దగ్గరకి తెచ్చి ప్లే చేస్తాయి, మీరు ఎంత నొక్కి పంపితే వాళ్ళు అంత తగ్గిస్తారు, మిగిలేది నలిగిపోయిన డ్రమ్స్. 05లో మేము అస్సలు నొక్కలేదు. అందుకే రెండో పాటలో డ్రమ్స్ ఆగి బేస్ ఒక్కటే మోగే చోట మీకు గది కూడా వినబడుతుంది, బాగా చెవి పెడితే ఫ్యాన్ కిర్రుమనడం కూడా.

06లో తొమ్మిదో నిమిషం దగ్గర వచ్చే బూమ్మని సౌండ్ సింథసైజర్ కాదు, గూడ్స్ బండి హారన్. కంచరపాలెంలో రైల్వే లైన్ పక్క గదిలో రికార్డ్ చేస్తే ఇంకేం వస్తుంది. తీసేద్దామనుకున్నాం గానీ కరెక్ట్‌గా శ్రుతిలో పడింది, గిటార్ అన్న “ఉంచండ్రా, నాకు సాయం వాయించింది” అన్నాడు.

ఈ కాలంలో క్యాసెట్ ఏంటండీ బాబూ?

చవక, అంతకన్నా ఫిలాసఫీ లేదు. వినైల్ రికార్డు నొక్కించాలంటే ముందు లాకర్ అనే పూత పళ్ళెం మీద గాడి కోసి, దాన్నుంచి అచ్చు దిమ్మలు తీసి, అప్పుడు ప్రెస్ చెయ్యాలి, ఆ మొదటి ఖర్చు 100 కాపీలకీ అంతే, 1000 కాపీలకీ అంతే. క్యాసెట్ అయితే మనకి ఎంత కావాలంటే అంత పొడవు టేపు వేయించుకోవచ్చు, పదే కావాలన్నా చేసుకోవచ్చు. ఫిలిప్స్ వాళ్ళు 1963లో తెచ్చిన డబ్బా, సెకనుకి 4.76 సెంటీమీటర్ల లెక్కన నడుస్తుంది, ఇప్పటికీ అదే స్పీడు.

ఇక్కడే మా తప్పొకటి ఒప్పుకోవాలి. 04కి మొత్తం 100 కాపీలు, ఒక్కోటి 18 నిమిషాల టేపు, హైస్పీడ్ బటన్ నొక్కితే సింబల్స్ (డ్రమ్స్‌తో ఉండే లోహపు తాళాలు) సౌండ్ చచ్చిపోతుంది కాబట్టి అసలు స్పీడులోనే ఎక్కిస్తాం, అంటే 30 గంటలు, రెండు డెక్‌లు కాబట్టి 15. మా రెండో డెక్‌లో బెల్టు సాగిపోయిన సంగతి ఎవరూ చూసుకోలేదు. అందులో ఎక్కిన 22 కాపీలు ఇంటి డెక్ మీద వేస్తే స్పీడు పెరిగిపోయి, గాజువాక కుర్రాళ్ళు కాస్తా కీచుగొంతు చిట్టెలుకల్లా వినబడుతున్నారు. కవర్ లోపల ఎర్ర చుక్క ఉంటే మీది అదే, తిరిగి పంపండి, కొత్తది పంపుతాం, పోస్టు ఖర్చు మాదే. సీతమ్మధార నుంచి ఒకాయన మాత్రం నాకు ఇదే బాగుంది ఇవ్వను అన్నాడు, ఇంకో రెండు ఎర్ర చుక్కలు దొరుకుతాయా అని కూడా అడిగాడు.

ప్లేయర్ లేనోళ్ళకి టేపుతో పాటు డౌన్‌లోడ్ కోడ్ వస్తుంది. మీ అటక మీద పాత టూ-ఇన్-వన్ ఉంటే మాత్రం దించండి, టేపు తాకే హెడ్‌ని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి వేసి చూడండి. టేపు వదులైతే పెన్సిల్ పెట్టి తిప్పడం ఎలాగో ఇంట్లో పెద్దోళ్ళని అడగండి, మహా సంతోషంగా చూపిస్తారు.

మరి రికార్డు ఎప్పుడు?

05 నాలుగు పాటల్నీ 7 అంగుళాల రికార్డుగా వేద్దామని ఉంది. చిక్కేంటంటే 45 స్పీడులో (నిమిషానికి 45 చుట్లు) ఒక వైపు గట్టిగా కోయాలంటే నాలుగు, నాలుగున్నర నిమిషాలు దాటకూడదు. సౌండు ఎంత పెద్దదైతే గాడి అంత వెడల్పు ఊగుతుంది, బేస్ అయితే ఇంకా, గాడికి గాడికి మధ్య చోటు కావాలి, నిమిషాలు పెరిగేకొద్దీ సౌండు తగ్గించి కోయాల్సిందే. వీళ్ళదేమో మొత్తం బేసే. ఒక వైపు 5 నిమిషాల 40 సెకన్లు వస్తోంది. పాట కత్తిరించండమ్మా అంటే, రికార్డే పెద్దది చెయ్యండన్నా అంటున్నారు. చర్చలు జరుగుతున్నాయి.

డబ్బు ఎవరికి పోతుంది?

04 లెక్క ఉన్నదున్నట్టు చెప్తా. టేపులు, డబ్బాలు 14,000. కవర్ ప్రింటింగ్ 3,000. రికార్డింగ్ రోజుల కరెంటు, టీలు, బిర్యానీ 2,500, ఇందులో బిర్యానీ వాటా నేను విడిగా చెప్పను. మొత్తం 19,500. వంద టేపుల్లో 15 బ్యాండ్‌కి ఊరికే ఇచ్చాం, 85 అమ్మకానికి, ఒక్కోటి 350, అన్నీ అమ్ముడైతే 29,750. ఖర్చు పోను 10,250, సగం వాళ్ళకి, సగం తర్వాతి టేపుకి. వాళ్ళ సగం ముగ్గురికి పంచితే తలా 1,708 రూపాయలు. నవ్వొచ్చినా ఇంతే. ఎర్ర చుక్కల పోస్టు ఖర్చు మా సగంలోంచే, వాళ్ళకేం సంబంధం లేదు. లాభం సగం సగం పద్ధతి కూడా మేం కనిపెట్టింది కాదు, డిస్కార్డ్ వాళ్ళు, షికాగోలో టచ్ అండ్ గో వాళ్ళు కాగితం మీద సంతకం కూడా లేకుండా ఇలాగే నడిపారు.

కాగితం విషయంలో మాత్రం నేను వాళ్ళంత మంచోణ్ణి కాదు, ఒక పేజీ రాయించుకుంటా. అందులో ముఖ్యమైన లైను ఒకటే, పాటలు బ్యాండ్‌వి, మాకు ఈ టేపు అమ్ముకునే హక్కే ఉంది. చాలా ఏళ్ళ క్రితం నేనూ ఒక బ్యాండ్‌లో ఉన్నప్పుడు చదవకుండా సంతకం పెట్టిన కాగితం ఒకటుంది, ఆ పాటలు ఇప్పటికీ నేను ఎక్కడా వేసుకోలేను.

ఆన్‌లైన్‌లో ఎక్కడ వినాలి?

బ్యాండ్‌లు నేరుగా పాటలు అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో మొత్తం ఫ్రీగా వినొచ్చు. కొంటే వాళ్ళు డిజిటల్ మీద 15 శాతం, టేపుల్లాంటి వస్తువుల మీద 10 శాతం తీసుకుంటారు, పేమెంట్ ఛార్జీలు వేరే. 2020 మార్చి నుంచి బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అని కొన్ని శుక్రవారాలు తమ వాటా వదిలేస్తున్నారు, బయటి దేశాలోళ్ళు ఆ రోజు చూసి కొంటే మాకు కలిసొస్తుంది. మన ఊళ్ళోవాళ్ళకి ఆ తిప్పలన్నీ ఎందుకు, యూపీఐ చేసి వచ్చి పట్టుకెళ్ళండి.

తెలుగులో పంక్ సెట్ అవుతుందా? ఇంగ్లీషులో పాడొచ్చుగా?

05లో ఒకటి ఇంగ్లీషే. కానీ తెలుగు సెట్ అవ్వదన్న మాట ఒప్పుకోను. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ఆగుతాయి, అంటే అరిచేటప్పుడు చివర నోరు తెరిచే ఉంటుంది, ఊపిరున్నంత సేపు లాగొచ్చు. ఇంగ్లీషులో అలా కాదు, మాట చివర హల్లు వచ్చి తలుపేసినట్టు టక్కున ఆగుతుంది, దాని అందం దానిది. మనకి టక్కున ఆగడం కావాలంటే ఒత్తులున్నాయి. “విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు” అని ఒకసారి గట్టిగా అని చూడండి, రెండుసార్లు క్కు మీద కాలు నేలకి కొట్టినట్టు పడుతుంది. 1966లో ఊరంతా అరిచారంటే ఊరికే కాదు, డ్రమ్స్ ఒక్కటే తక్కువ. డ్రమ్స్ కావాలంటే తప్పెటగుళ్ళు చూడండి, రొమ్ముకి తప్పెట కట్టుకుని పదిహేను ఇరవై మంది ఒకేసారి వాయిస్తూ ఎగురుతుంటే ఏ యాంపూ అక్కర్లేదు. 04 డ్రమ్మర్ తాతగారిది విజయనగరం వైపు ఊరు, ఆ దరువు పదో పాటలో ఉంది, కనిపెట్టినోళ్ళు ఇప్పటిదాకా ఇద్దరే.

యాస గురించి కూడా అడుగుతున్నారు. “ఏటి”, “ఎల్లిపోనావు” అనే పాడతారు, మార్చమని నేను చెప్పను.

సినిమా పాట ఒకటి పంక్‌లో కవర్ చేసి వెయ్యండి, వైరల్ అయిపోద్ది!

కాపీరైట్ చట్టంలో కవర్లకి, అంటే వేరేవాళ్ళ పాట మళ్ళీ పాడి వేసే రికార్డింగ్‌లకి, 31సి అని ఒక సెక్షన్ ఉంది. పాట మొదట రికార్డయిన ఏడాది పోయాక ఐదేళ్ళు ఆగాలి, ముందే నోటీసివ్వాలి, మామూలుగా ఏడాదికి కనీసం 50,000 కాపీలకి రాయల్టీ కట్టాలి. మేము వేసేది 100. ఇంకేం చెప్పమంటారు.

షో ఎప్పుడు? బీచ్‌లో పెట్టొచ్చుగా?

అందరికీ ఆర్కే బీచే గుర్తొస్తుంది. ఆరుబయట మైకు పెట్టాలంటే పర్మిషన్ కావాలి, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్ నిషేధం, 2000 నాటి శబ్ద కాలుష్యం రూల్స్ ప్రకారం ఇళ్ళ మధ్యలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. మా డ్రమ్మర్ కుర్చీ జరుపుకుంటేనే అంత వస్తుంది. అందుకని తలుపులేసిన హాలు, సాయంత్రం 5కి మొదలు, 8కి ఖాళీ. పోయినసారి సిరిపురం వైపు ఒక కేఫ్ మేడ మీద పెడితే నాలుగో పాటకి ఓనరు కిందకెళ్ళి మెయిన్ ఆపేశాడు, బ్యాండ్ ఆపలేదు, చీకట్లో డ్రమ్స్ మీద జనమే పాడారు, ఓనరు మళ్ళీ పైకొచ్చి సగం డబ్బే ఇచ్చాడు. తర్వాతది ఎక్కడో ఖాయమయ్యాక చెప్తా.

చెవులకి ప్లగ్‌లు తెచ్చుకోండి, సిగ్గుపడకండి, స్టేజి మీద ఉన్నోళ్ళే పెట్టుకుంటారు. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఉండొచ్చంటారు, ఆపైన 3 పెరిగిన ప్రతిసారీ టైమ్ సగమైపోతుంది, 100కి వచ్చేసరికి పావుగంట. చిన్న హాల్లో డ్రమ్స్ ముందు నిలబడితే 100 ఈజీగా వస్తుంది. మర్నాడు పొద్దున చెవిలో కీచుమంటుంటే అది షో బాగా జరిగిన గుర్తు కాదు, నాకు ఎడమ చెవిలో పదేళ్ళ నుంచి మోగుతూనే ఉంది.

వైజాగ్ ఉప్పుగాలికి టేపులు బతుకుతాయా?

బతుకుతాయి, కిటికీ పక్కన పెట్టకపోతే. ఇక్కడ చెమ్మకి ముందు తెల్ల బూజు పడుతుంది, చుట్ట అంచుల్లో పిండి చల్లినట్టు కనబడితే అదే, ఆ టేపుని అలాగే డెక్‌లో వేస్తే హెడ్‌కి అంటి మిగతా టేపులకీ పాకుద్ది. గాలి చొరని స్టీలు డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెల్లో వస్తాయి చూడండి సిలికా పొట్లాలు, అవి రెండు పడేసి మూత పెట్టండి. స్పీకర్ మీద మాత్రం పెట్టకండి, దాని అయస్కాంతం పాటని నెమ్మదిగా తినేస్తుంది. నెలకోసారి ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి తిప్పండి చాలు.

మా బ్యాండ్ డెమో పంపొచ్చా?

పంపండి. ఫోన్‌లో రికార్డ్ చేసినదైనా పర్లేదు, మూడు పాటలు చాలు. బయోడేటా, ఇన్‌ఫ్లుయెన్సెస్ లిస్టు వద్దు. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే గుర్తు చెయ్యండి, మర్చిపోయి ఉంటా. ఒక్క రిక్వెస్టు, ఆడపిల్లల్ని తిట్టే పాటలు పంపి “పంక్ కదా అన్నా” అనకండి, 05 వాళ్ళు డెమోలన్నీ నాతో పాటే కూర్చుని వింటారు.

ఆర్డర్ ఎలా?

టేపు 350. స్పీడ్ పోస్టు ఖర్చు వేరే, శనివారాలు వేస్తాను. చేతికి కావాలంటే ఆదివారం సాయంత్రం గదికి రండి, మెట్లు జాగ్రత్త, రెండో అంతస్తు దగ్గర బల్బు లేదు. 04 అయిపోయింది, ఎర్ర చుక్కలు తిరిగొస్తే వాటిమీద మళ్ళీ ఎక్కిస్తా. 06 ముప్పై పైనే ఉన్నాయి. 05 రాయడం మొదలెట్టినప్పుడు తొమ్మిది, ఇప్పుడే మా బామ్మర్ది వచ్చి ఒకటి తీసుకెళ్ళాడు, తన కోసం కాదంట, ఎవరికోనంట. ఎనిమిది.